బాల్ గాడ్నే ఆగాలె కద!

"మా కాలేజీలో పిల్లలందరికీ క్లికర్లు, అంటే క్లాసులో అడిగిన ప్రశ్నకి జవాబు నొక్కే చిన్న రిమోట్లు, కొంటామంటున్నారు, వాటితో పాఠం నిజంగా బుర్రకెక్కుతుందా?" అని అడిగారు. ఎక్కుతుంది. కానీ క్లికర్ వల్ల కాదు.

నేను ఇబ్రహీంపట్నం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫస్టియర్‌కి ఫిజిక్స్ చెప్తాను. కొన్నేళ్ల క్రితం మావాళ్లు ఒక సూట్‌కేసు నిండా క్లికర్లు తెచ్చారు. పిల్లలు వాటిని రిమోట్లన్నారు, నా పీరియడ్‌ని కోటీశ్వరుడి క్లాసన్నారు. మొదటి నెల నేను చేసిందీ అంతే. ప్రశ్న వేయడం, స్క్రీన్ మీద బార్లు లేస్తుంటే మురిసిపోవడం, జవాబు చెప్పేసి స్లైడ్ మార్చడం.

ఒకరోజు ఇలా అడిగాను. బంతిని నిట్టనిలువుగా పైకి విసిరాం. పైకెళ్లి ఒక్క క్షణం ఆగుతుంది కదా, ఆ క్షణంలో దాని త్వరణం ఎంత? 60 మందిలో 41 మంది సున్నా నొక్కారు. ఇంటర్‌లో రెండేళ్లు ఎంసెట్ కోసం ఇవే లెక్కలు రుద్దిన పిల్లలు! జి, అంటే భూమి లాగడం వల్ల వచ్చే త్వరణం, విలువ 9.8 అని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఆ జి పైన కూడా లాగుతూనే ఉంటుందని మాత్రం తట్టలేదు.

ఎందుకో ఆరోజు జవాబు చెప్పబుద్ధి కాలేదు. "పక్కవాళ్లతో తేల్చుకుని మళ్లీ నొక్కండి" అన్నాను. ఇది నా సొంత తెలివేం కాదు, హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతే. ముందు ఎవరికి వాళ్లు ఓటు, తర్వాత వాదన, తర్వాత మళ్లీ ఓటు.

కాసేపు గుసగుసలే. మూడో బెంచీలో దేవరకొండ నుంచి వచ్చిన అమ్మాయి ఒకరుండేది. పదో తరగతి దాకా తెలుగు మీడియం, సెమిస్టర్ మొదలైనప్పటి నుంచి నోరు విప్పింది లేదు. ఉన్నట్టుండి పక్కనున్న ర్యాంకు కుర్రాడి మీద లేచింది: "సున్నా అయితె బాల్ గాడ్నే ఆగాలె కద! మల్ల కిందికెట్లొస్తది?"

వాడు "వెలాసిటీ జీరో కాబట్టి..." అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు. వెనక బెంచీలు కూడా తెలుగులోకి దిగాయి. ఎవడో నా డస్టర్ తీసుకుని ఎగరేసి చూపిస్తున్నాడు. ఆ గోలకి పక్క సెక్షన్ మేడమ్ వచ్చి తలుపు కొట్టారు. రెండోసారి సున్నా నొక్కినవాళ్లు ఏడుగురు.

తర్వాత లిస్టులో చూస్తే ఆ అమ్మాయి మొదటిసారే సరిగ్గా నొక్కింది. చేతులెత్తమని ఉంటే ఎత్తేది కాదు. తప్పైతే నలుగురూ నవ్వుతారన్న టెన్షన్ లేకుండా నొక్కొచ్చు, క్లికర్‌కి నేనిచ్చే మార్కు ఆ ఒక్కదానికే. మిగతా పనంతా తెలుగు చేసింది. ఇంగ్లిష్‌లో "అర్థమైందా" అంటే అరవై మందీ ఎస్ సర్ అంటారు, వాళ్ల ఇంటి మాటలో పోట్లాడుకోనిస్తే ఎవరికి ఏం రాలేదో అప్పుడు బయటపడుతుంది. క్లాసులో తెలుగు వినపడితే మొహం చిట్లించే మేనేజ్‌మెంట్లు ఎన్ని క్లికర్లు కొన్నా దండగే.

మా క్లికర్ల గతి కూడా చెప్తాను. నొక్కినవాళ్లకే హాజరు అని రూలు పెట్టారు. జేఎన్‌టీయూ పరీక్షకి 75 శాతం హాజరు కావాలి, తగ్గితే 65 దాకా కండోనేషన్ ఫీజు కట్టాలి. ఇక చూడండి, ఒక్కడి జేబులో నాలుగు రిమోట్లు, మిగతా ముగ్గురూ క్యాంటీన్లో. బ్యాటరీలు ఒక్కొక్కటే హాస్టల్ గోడ గడియారాల్లోకి చేరాయి. ఇప్పుడా సూట్‌కేసు హెచ్‌ఓడీ గారి బీరువాలో ఉంది, ఇన్‌స్పెక్షన్ రోజు దుమ్ము దులిపి బల్ల మీద పెడతారు. మరి ఫోన్లలో పెట్టొచ్చు కదా అంటారు. ఫోన్ తీసిన పిల్లాడు తిరిగి పాఠంలోకి రావడం నేనింతవరకు చూడలేదు.

నేనిప్పుడు కోఠీలో రంగు చార్టులు కొని ఏ, బీ, సీ, డీ కార్డులు కత్తిరించుకున్నాను. కళ్లు మూసుకుని, కార్డు గుండెకి ఆనించి చూపించమంటాను. 2008లో కెనడాలో ఒక కాలేజీ ఫిజిక్స్ క్లాసుల్లో క్లికర్లనీ అట్ట కార్డులనీ పోల్చి చూశారు, నేర్చుకోవడంలో తేడా కనపడలేదు. మీ ప్రిన్సిపాల్‌కి ఆ మాట చెప్పండి. కాకపోతే బీ కార్డులు నాలుగైదు ఎక్కువ కత్తిరించుకోండి. జవాబు తెలియనివాళ్లందరూ అదే ఎత్తుతారు, అవే ముందు నలిగిపోతాయి.