బీరువాకు తాళం వేయకండి

"మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా వారు పోయి పద్నాలుగేళ్లయింది. ఒక్కడే అబ్బాయి, ఇరవై తొమ్మిదేళ్లు. బ్యాంకులో ఉద్యోగం, 34,000 జీతం. అందులో 18,000 నా చేతికే ఇస్తాడు. తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒక్కటే పిచ్చి. చిన్న చిన్న ప్లాస్టిక్ సైనికుల బొమ్మలు తెప్పించి, అతికించి, రంగులు వేసి, బల్ల మీద పేర్చి యుద్ధాలు ఆడతాడు. మేడ మీద గదిలో బీరువా నిండా అవే. నెలకు మూడు వేల దాకా ఖర్చు. ఇప్పుడు చందుర్తి యుద్ధమట, రెండేళ్లుగా అదే పని. వైశాఖంలో మా అన్నయ్య తెచ్చిన సంబంధం వాళ్లు పెళ్లిచూపులకు వచ్చి, మేడ ఎక్కి అవన్నీ చూశారు. అమ్మాయి మాత్రం 'ఇంత చిన్న కళ్లు ఎలా దిద్దారు?' అని అడిగింది. పది రోజులకు ఆ సంబంధం తప్పిపోయింది. 'బొమ్మలాడుకునేవాడికి పిల్లనెలా ఇస్తాం' అన్నారని అన్నయ్య చెప్పాడు. ఆ కోపంలో మేడ మీది నుంచి ఒక పళ్లెం బొమ్మలు తెచ్చి, తన మనవలకు ఆడుకోమని ఇచ్చేశాడు. పదకొండు విరిగాయి. నేను గుమ్మంలోనే ఉన్నాను. అబ్బాయి ఏమీ అనలేదు. అప్పటి నుంచి నాతో కలిసి భోజనం చేయడం మానేశాడు. మాఘమాసంలోగా మరో సంబంధం కుదర్చాలని అన్నయ్య చూస్తున్నాడు. వాళ్లు వచ్చే ముందు ఆ బీరువాను కొబ్బరికాయల కొట్టులోకి మార్పించి తాళం వేయమంటారా? ఈ అలవాటు మాన్పించడం ఎలా? వాడి ఇంజనీరింగుకు మూడేళ్లు ఫీజు కట్టింది అన్నయ్యే. ఆయన మాట నేను కాదనలేను."

— ఒక తల్లి, కోనసీమ

అమ్మా, బీరువాకు తాళం వేయకండి. కొట్టులోకి మార్చకండి. పెళ్లిచూపులకు దాచిన వస్తువు కాపురానికి వచ్చిన వారంలో బయటపడుతుంది. అప్పుడు ఆ పిల్ల అడిగేది బొమ్మల గురించి కాదు, ఎందుకు దాచారని అడుగుతుంది. మాన్పించడం గురించి అడిగారు. జీతంలో సగానికి పైగా తల్లి చేతిలో పెట్టి, మిగిలినదాంట్లో మూడు వేలు తన ఇష్టానికి ఖర్చు చేసుకునే ఇరవై తొమ్మిదేళ్ల మనిషి దగ్గర మాన్పించవలసింది నాకేమీ కనిపించలేదు. మీరడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు ఇంతే.

ఇక మీరు పంపిన ఫొటో సంగతి. దాన్ని భూతద్దం పెట్టి చాలాసేపు చూశాను. చింతగింజ పక్కన నిలబెట్టిన ఒక సిపాయి. ఈ బొమ్మల్లో ఎక్కువగా కనిపించే కొలత, పాదం నుంచి కంటి దాకా 28 మిల్లీమీటర్లు. అంటే మన బొటనవేలి పై కణుపంత. అంత చిన్న మనిషికి ఎర్రకోటు తొడిగాడు మీ అబ్బాయి. కోటు మడతల్లో ఎరుపు ముదురుగా ఉంది, భుజం మీద వెలుగు పడే చోట లేతగా ఉంది. నడుము పట్టీ కింద వెంట్రుక మందంలో ఒక నల్లగీత. కన్ను ఆవగింజలో నాలుగో వంతు కూడా లేదు, అయినా ఆ సిపాయి ఎటు చూస్తున్నాడో నాకు తెలిసింది. కాళ్ల కింద గోదావరి ఇసుక, దాని మీద ఎండుగడ్డిలా కొబ్బరి పీచు ముక్కలు. మీ పెరట్లో పీచే అయి ఉంటుంది.

దాని వెనుక ఎంత పని ఉందో మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఈ బొమ్మలు చట్రానికి అంటుకుని ముక్కలు ముక్కలుగా వస్తాయి. వాటిని కత్తిరించి, అచ్చు గీతలు గీకి, అతికించాలి. రంగు పట్టడానికి ముందు ప్రైమర్ అనే అడుగుపూత కొట్టాలి. ఆ తర్వాత అసలు రంగు, దాని మీద మడతల్లోకి దిగే పలచటి నీళ్ల రంగు, ఆరాక దాదాపు పొడి కుంచెతో అంచుల మీద మాత్రం తాకించే లేత రంగు. "వాన పట్టిన రోజుల్లో కుంచె ముట్టడు, ఎండ కోసం ఎదురుచూస్తాడు" అని మీరు ఫొటో వెనుక విసుగ్గా రాశారు. అది బద్ధకం కాదమ్మా. గాలిలో తడి ఉన్నప్పుడు ప్రైమర్ స్ప్రే కొడితే పొడిపొడిగా, ఇసుక చల్లినట్టు పడుతుంది. వారం పని పాడైపోతుంది. మన గోదావరి లంకల్లో శ్రావణ భాద్రపదాల్లో ఆ పని చేయాలంటే ఎంత ఓర్పు కావాలో వడియాలు ఎండబెట్టే మీకు నేను చెప్పాలా?

ఆట కూడా మీరనుకుంటున్నంత పిల్లచేష్ట కాదు. టేపు పెట్టి కొలిచి దళాలను జరుపుతారు, పాచికలు వేసి దెబ్బ తగిలిందో లేదో తేలుస్తారు, కొండ అడ్డం వస్తే తుపాకి గురి తప్పుతుంది, వాగు దాటితే నడక తగ్గుతుంది. 1824లో ప్రష్యా సైన్యం తన అధికారులకు యుద్ధవిద్య నేర్పడానికి ఇలాంటి ఆటనే పట్టించింది. ఇంగ్లండులో 1983లో మొదలైన వార్‌హామర్ లాంటి ఆటలను ఈ రోజు ఎన్నో దేశాల్లో పెద్దవాళ్లు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, పిల్లల తల్లిదండ్రులు ఆడుతున్నారు. మీ అబ్బాయి అక్కడితో ఆగలేదు. ఊహాలోకపు రాక్షసులను వదిలి మన నేల మీది యుద్ధాన్ని ఎత్తుకున్నాడు. గొల్లప్రోలు దగ్గరి చందుర్తిలో 1758 డిసెంబరులో ఫ్రెంచివారికీ ఇంగ్లీషువారికీ జరిగిన పోరు అది. ఇటు ఇంగ్లీషు సేనాని ఫోర్డ్, ఆయన పక్షాన విజయనగరం రాజు ఆనంద గజపతి. అటు ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కూడా ఇంగ్లీషువారి చేతికి పోయింది. ఈ తీరం ఎవరి పాలన కిందికి వెళ్లాలో నిర్ణయించిన యుద్ధాన్ని మన జిల్లా పిల్లలకు ఎవరూ సరిగా చెప్పలేదు. మీ అబ్బాయి రెండేళ్లుగా దాన్ని ఒక్కొక్క బొత్తామూ దిద్దుకుంటూ కడుతున్నాడు.

ఎర్రకోటు రంగు కుదరలేదని మొత్తం దళాన్ని కడిగేసి మళ్లీ వేశాడని కూడా రాశారు. ఎందుకు కడిగాడో నాకు అర్థమైంది. ఆ రోజు ఇంగ్లీషువారి తెల్ల సైనికులు ఎత్తుగా ఎదిగిన చేను వెనుక మరుగున పడ్డారు. ఎదురుగా కనిపించిన ఎర్రకోటు సిపాయిలనే తెల్లదళం అనుకుని ఫ్రెంచివారు తమ బలమంతా వాళ్ల మీదికి తోలారు. అసలు దళం పక్క నుంచి వచ్చి పడింది. ఆ యుద్ధంలో కోటు రంగే కీలకం. అది సరిగ్గా కుదరాలని పట్టుబట్టేవాణ్ణి పిచ్చివాడు అనకూడదు.

మీరూ అలాగే పొరబడ్డారు. మీ కంటికి ఎదురుగా కనిపిస్తున్నవి బొమ్మలు గనుక వాటి మీదికి వెళుతున్నారు. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం వేరే ఉంది. "నేను గుమ్మంలోనే ఉన్నాను."

మీ అన్నయ్య మీ ఇంటి మేడ ఎక్కి, మీ అబ్బాయి గదిలోంచి, మీ అబ్బాయి చేతిపనిని తీసుకువచ్చి పిల్లల చేతుల్లో పోశారు. మీరు గుమ్మంలో నిలబడి చూశారు. మీ అబ్బాయి భోజనం దగ్గరికి రాకపోవడానికి కారణం విరిగిన పదకొండు బొమ్మలని మీరు అనుకుంటున్నారు. బొమ్మలు అతుక్కుంటాయి, అతికించే విద్య ఆ అబ్బాయికి తెలుసు. మామయ్య కోపాన్ని కూడా మింగగలిగాడు, ఇప్పటికీ ఎదురైతే నమస్కారం పెడుతూనే ఉంటాడు, పెంపకం అలాంటిది. అమ్మ గుమ్మంలో ఉండి కూడా "అన్నయ్యా, ఆగు" అనలేదు. అదొక్కటే ఆ అబ్బాయి గొంతు దిగడం లేదు.

ఎందుకు అనలేదో నాకు తెలుసు. మూడేళ్ల ఫీజు. భర్త పోయిన ఇంట్లో అన్నయ్య నిలబడి పిల్లవాణ్ణి చదివించడం చిన్న మేలు కాదు. ఆ మేలు మరచిపోతే మనం మనుషులమే కాదు. కానీ ఆ అప్పుకు మీకు తెలియకుండానే కొడుకును తాకట్టు పెట్టారు. మా నాన్నగారు పోయాక నా బి.ఎడ్. ఫీజు మా పెద్దన్నయ్య కట్టాడు. ఉద్యోగం వచ్చిన రెండేళ్లలో పైసలతో సహా తీర్చాను. మొదట చిన్నబుచ్చుకున్నాడు, నెల రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయన పోయేదాకా మా ఇంటికి వచ్చినప్పుడల్లా పెద్దరికంతో కూర్చున్నాడు, నేను ఆయన కాళ్లకు దండం పెట్టాను. నా పిల్లల విషయంలో మాత్రం ఆఖరి మాట నాదే. తోబుట్టువుల మధ్య గౌరవం నిలవాలంటే డబ్బు లెక్క తేలిపోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

కాబట్టి మీరే బస్సెక్కి మీ అన్నయ్య ఇంటికి వెళ్లండి. అబ్బాయిని పంపకండి, ఫోనులో మాట్లాడకండి. ఫీజు మొత్తం ఎంతయిందో కాగితం మీద రాయించుకోండి. నెలనెలా ఎంత తీర్చగలరో చెప్పండి. "నీ దగ్గర తీసుకుంటానా?" అని ఆయన కసిరితే, ఆ డబ్బుతో ఆయన మనవరాలి ఓణీల పండుగకు బంగారం పెడతానని చెప్పి, చెప్పినట్టు పెట్టండి. ఆ తర్వాత ఒక్క మాట: "అన్నయ్యా, నువ్వు చేసిన మేలు నా ప్రాణం ఉన్నంతవరకు మరువను. కానీ నా కొడుకు గదిలో వస్తువు వాణ్ణి అడగకుండా నువ్వు ముట్టుకోవద్దు. ఆ రోజు నేను ఆపవలసింది, ఆపలేదు." గొంతు పెంచనక్కరలేదు. ఏడుపు వస్తే రానివ్వండి, మాట మాత్రం పూర్తి చేసి రండి. ఆ పసివాళ్లను ఎవరూ ఏమీ అనవద్దు. "మామయ్యా, మాకూ నేర్పు" అంటూ వాళ్లే ఎక్కవలసిన మేడ అది.

ఇంకొకటి. సంక్రాంతికి ఏటా బొమ్మల కొలువు పెడతానని, మీ అత్తగారు ఇచ్చిన కొండపల్లి దశావతారాలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు ఉన్నాయని, రంగు లేచిపోయిన చోట చిన్నప్పుడు మీ అబ్బాయే దిద్దేవాడని ఫొటో వెనుక రాశారు. ఆ రాత చదివి నా మనసు కలుక్కుమంది. తెల్లపొణికి, అంకుడు చెక్కలతో చేసిన ఆ బొమ్మల్ని మీరు ఏడాదంతా పాత చీరలో చుట్టి దాస్తారు, పండుగకు తీసి మెట్లమీద కూర్చోబెడతారు, మీ యాభై అయిదేళ్ల వయసులో. దాన్ని ఎవరూ పిచ్చి అనలేదు, అననివ్వకూడదు కూడా. మీ అబ్బాయికి కుంచె పట్టడం ఎక్కడ వచ్చిందని వెతుకుతున్నారేమో, ఆ మెట్ల దగ్గరే వచ్చింది.

మీ అబ్బాయికీ చెప్పవలసింది ఉంది, ఇది ఆయనకు చదివి వినిపించండి. నాయనా, అమ్మ మీద అలిగి విడిగా భోంచేయడం మగతనం కాదు. పద్నాలుగేళ్లు ఒంటి చేత్తో ఇల్లు నడిపిన మనిషికి మౌనంతో శిక్ష వేయకు. "నువ్వు ఆపుతావనుకున్నాను అమ్మా" అని ఒక్కసారి నోరు తెరిచి చెప్పు. రెండేళ్లుగా మేడ మీద ఏం చేస్తున్నావో ఆవిడకు కూర్చోబెట్టి చూపించావా? ఆదివారం ఆట ఉన్నప్పుడు కుర్చీ వేసి పిలిచావా? నా లెక్కన ఆ బల్ల పక్కన మీ అమ్మకు చోటు ఉండాలి.

పెళ్లి సంగతి ఇప్పుడు మాట్లాడుకుందాం. ఆ సంబంధం బొమ్మల వల్లే తప్పిందని మీకు చెప్పింది ఎవరు? అమ్మాయి తండ్రి చెప్పలేదు, తల్లి చెప్పలేదు. మీ అన్నయ్య చెప్పారు. ఆయన అబద్ధం చెప్పారని నేను అనను. కట్నం దగ్గరో, ఉద్యోగం దగ్గరో మాట తేలక, నలుగురికీ కనిపించే కారణం పట్టుకుని ఉండవచ్చు. మీరు నేరుగా ఒక్కసారైనా వాళ్లను అడిగారా? పెళ్లిచూపుల్లో అమ్మాయిలు సాధారణంగా తల దించుకుని కాఫీ కప్పు చూస్తారు. ఈ పిల్ల బొమ్మ కన్ను చూసింది, ఎలా దిద్దారని అడిగింది. ఆ ప్రశ్నకు మీ అబ్బాయి ఏం జవాబు చెప్పాడో మీరు రాయలేదు. బహుశా అక్కడ ఎవరూ చెప్పనిచ్చి ఉండరు.

అన్నయ్య ఇంటి నుంచి తిరిగి వచ్చాక, ఆ అమ్మాయి తల్లికి మీరే ఫోను చేయండి. మధ్యవర్తి వద్దు. వాళ్లకు నిజంగా ఇష్టం లేకపోతే మర్యాదగా ఫోను పెట్టేయండి. ఆ తర్వాత వచ్చే సంబంధానికి, కాఫీ ఇవ్వకముందే, మేడ మీద ఏముందో చెప్పి తీసుకువెళ్లి చూపించండి.

ఈ రాత్రికి మాత్రం ఇంకేమీ చేయకండి. విరిగిన పదకొండూ మీ అబ్బాయి ఏదో డబ్బాలో దాచే ఉంటాడు. పళ్లెంలో అన్నం పెట్టుకుని మేడ ఎక్కండి. దీపం ఆయన చేతికి దగ్గరగా జరిపి, అతికిస్తున్నంతసేపు పట్టుకోండి.