కారవాజో వెలుగు రోమ్‌లో ఎంత దూరం ప్రసరించింది?

ప్రశ్న: రోమ్‌లో గైడ్ వెంట నడుస్తూ ఇటలీ చిత్రకారుడు కారవాజో చిత్రాలున్న చర్చిలను చూసే అవకాశం నాకు త్వరలో రాబోతోంది. ఆయన ప్రభావం తరువాతి చిత్రకారులపై చాలా గాఢమైనదని చదివాను. అయితే అక్కడ చూపించేవన్నీ ఆయన సొంత చిత్రాలే అయినప్పుడు ఆ ప్రభావాన్ని ఎలా గుర్తించాలి? ఏ క్రమంలో చూడటం మంచిది?

జవాబు: మీ సందేహం న్యాయమైనది. కారవాజో తన పద్ధతిని నేర్పే చిత్రశాల ఏదీ నడపలేదు. 1606లో ఒక కొట్లాటలో మనిషిని చంపి రోమ్ విడిచి పారిపోయి, తిరిగి ఆ నగరంలో అడుగుపెట్టకుండానే 1610లో మరణించారు. ఆయన తరువాత వచ్చిన చిత్రకారులు ఈ చర్చిలలో, ఈ గోడల ముందు నిలబడి చూసే నేర్చుకున్నారు కనుక మీరూ వారు నిలబడిన చోటనే నిలబడి చూడాలని నా సలహా.

ఉత్తరాన ఉన్న సాంతా మారియా దెల్ పోపొలో చర్చితో మొదలుపెట్టండి. అక్కడి చెరాజి చాపెల్‌లో, అంటే చర్చిలోని ఒక చిన్న ప్రార్థన గదిలో, మధ్యనున్న చిత్రం ఆనాటి మరో చిత్రకారుడు అన్నీబాలె కరాచ్చిది. పక్క గోడలపై ఉన్న పౌలు, పేతురు చిత్రాలు కారవాజోవి. మూడూ 1600–1601 నాటివే. కరాచ్చి మరియమ్మ నిండు వెలుగులో స్వర్గానికి లేస్తుండగా, పక్కనే కారవాజో పౌలు చిత్రంలో, చీకటిలో ఒక గుర్రం వీపు చిత్రంలో సగభాగాన్ని ఆక్రమించి ఉంటుంది. ఆనాటి యువ చిత్రకారుల ముందున్న రెండు దారులూ ఆ చిన్న గదిలోనే ఉన్నాయి.

తరువాత సాంత్ అగొస్తీనో చర్చికి వెళ్లండి. అక్కడ కారవాజో గీసిన లొరేతో మరియమ్మ చిత్రంలో మోకరిల్లిన యాత్రికుని మట్టి అంటిన పాదాలు చూసేవారి వైపే తిరిగి ఉంటాయి. దానిని చూసి జనం పెద్ద గోల చేశారని కారవాజో ప్రత్యర్థి అయిన చిత్రకారుడు బాల్యోనె రాశారు.

అక్కడి నుంచి కొద్ది అడుగుల దూరంలోనే సాన్ లుయిజి దెయి ఫ్రాంచేజి చర్చి ఉంది. ఇక్కడ తొందరపడవద్దు. కొంతరెల్లి చాపెల్‌లో ఎడమ గోడపై, పన్నులు వసూలు చేసే మత్తయిని క్రీస్తు శిష్యుడిగా పిలిచే కారవాజో చిత్రం ‘మత్తయికి పిలుపు’లో వెలుగు కుడివైపు నుంచి, అంటే బలిపీఠం మీది నిజమైన కిటికీ ఉన్న దిక్కు నుంచే, పడుతుంది. డబ్బు లెక్కపెడుతున్నవారి ముఖాలపై అది వాలుగా పరచుకుంటుంది. చాచిన క్రీస్తు చేయి సిస్టీన్ చాపెల్‌లో మైకెలాంజెలో గీసిన ఆదాము చేతిని తలపిస్తుంది. చిత్రంలోని వెలుగు మనం నిలబడిన గదిలోనిదే అనిపించడమే తరువాతివారిని కట్టిపడేసిందని నేను నమ్ముతాను.

ఇక మీరు అడిగిన ప్రభావం స్పష్టంగా కనిపించేది నది అవతల, త్రస్తేవెరె ప్రాంతంలోని సాంతా మారియా దెల్లా స్కాలా చర్చిలో. ఈ చర్చి కోసమే కారవాజో ‘మరియమ్మ మరణం’ చిత్రించగా, ఉబ్బిన దేహంతో, సామాన్య స్త్రీ శవంలా ఉన్న ఆ మరియమ్మను మఠంవారు తిరస్కరించారు. అప్పుడు మాంతువా డ్యూక్ కొలువులో ఉన్న చిత్రకారుడు రూబెన్స్ ప్రోద్బలంతో 1607లో డ్యూక్ దానిని కొన్నారు. నేడది పారిస్‌లోని లూవ్ర మ్యూజియంలో ఉంది. దాని స్థానంలో చిత్రకారుడు కార్లో సరచేని గీసిన చిత్రాన్ని పెట్టారు. అయితే కారవాజోను కాదన్న ఆ చర్చిలోకే, సుమారు పదేళ్ల తరువాత, నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నుంచి వచ్చిన హొంథోర్స్ట్ చిత్రించిన బాప్తిస్మమిచ్చు యోహాను శిరచ్ఛేదం వచ్చి చేరింది. గాఢమైన చీకటి, దాన్ని చీల్చే వెలుగు అందులో ఉన్నాయి. కారవాజో తన దీపాన్ని సాధారణంగా చిత్రం బయట దాచేవారు; హొంథోర్స్ట్ తరచూ కొవ్వొత్తినో కాగడానో చిత్రంలోనే చూపేవారు. అందుకే ఇటలీవారు ఆయనను ‘రాత్రుల గెరార్దో’ అని పిలిచారు. ఇటలీకి ఎన్నడూ వెళ్లని డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్‌కు ఈ వెలుగు చేరడంలో ఇలా రోమ్ చూసి తిరిగివెళ్లిన డచ్చి చిత్రకారుల పాత్ర పెద్దది.

స్కాలా చర్చి మీ గైడ్ జాబితాలో లేకపోతే విడిగానైనా వెళ్లండి. రోమ్‌లో చాలా చర్చిలు మధ్యాహ్నం మూసివేస్తారు కనుక, వేళలు ముందుగా తెలుసుకుని బయలుదేరండి.