బావ లారీ దిగనిదే ఇల్లు చేరరు

ప్రశ్న: మాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. వయసు 34. అమ్మానాన్న లేరు. ఐదేళ్లుగా మా అక్క మొగుడి లారీ తోలుతున్నాను. తాడిపత్రి బండలు వేసుకుని ఉత్తరాదికి పోతే ఇరవై రోజులకు గానీ ఇంటికి రాను. మూడేళ్ల మా పాప నన్ను చూసి తలుపు చాటుకు పోతోంది. బావ బత్తా ఇస్తాడు. జీతం అడిగితే 'నా దగ్గరే ఉందిలే, పొలం కొనిస్తా' అంటాడు. నా పెళ్లి ఖర్చంతా ఆయనదే, గట్టిగా అడగలేను. లోకల్‌గా సిమెంటు బల్కర్ (పొడి సిమెంటు, బూడిద మోసే ట్యాంకర్ లారీ) మంచిదా, మంగంపేట ముగ్గురాయి లోడు మంచిదా?

జవాబు: రాత్రికి ఇంట్లో ఉండాలంటే బల్కరే. ఎర్రగుంట్ల, చిలంకూరు ఫ్యాక్టరీల చుట్టూ, ఆర్టీపీపీ థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిదకు తిరిగే బండ్లు చూడండి. ముగ్గురాయి లోడు కృష్ణపట్నం పోర్టు దాకా పోతుంది, యార్డులో క్యూ పడితే ఆ రాత్రి అక్కడే. నెల జీతమా, ట్రిప్పు లెక్కా ముందే తేల్చుకోండి. అడ్వాన్సు తీసుకోవద్దు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో ఆ పొలం మాట దగ్గర ఆగిపోయాను. ఐదేళ్లంటే అరవై నెలల జీతం! బయటి ఓనరు రెండు నెలలు ఆపితే ఊరుకుంటారా? అమ్మానాన్న లేని తమ్ముడికి అక్కాబావలు పెళ్లి చేయడం మన ఇళ్లలో ఉన్నదే. దానికి బదులుగా ఐదేళ్లు ఊరికే లారీ తోలాలని ఎక్కడా లేదు. చేసిన పనికి కూలి అడగడం బావను అవమానించడం కాదండీ. అడక్కపోవడం వల్ల ఇంట్లో మీ ఆవిడ చేతిలో పైసా లేకుండా బతుకుతోంది, ఆ అవమానం మీకు కనపడటం లేదు.

మీ అక్కకు ఈ సంగతి తెలుసో లేదో మీరు రాయలేదు. తెలియదనే నా నమ్మకం. డ్యాష్‌బోర్డులో డీజిల్ బిల్లుల మధ్య మడతపెట్టిన లోడు చీటీలు ఉంటాయి కదా, వాటిని తారీఖుల ప్రకారం ఒక నోటుబుక్కులో ఎక్కించండి. పెళ్లి ఖర్చు కూడా దాచకుండా రాసి, రావలసిన జీతంలో తీసేయండి. ఆ బుక్కు అక్క ముందు పెట్టండి, బావ కూడా అక్కడే ఉండాలి. మీ ఆవిడనూ పాపనూ వెంట తీసుకెళ్లండి. మేనకోడలు తండ్రి దగ్గరికి రాకుండా ఎక్కడ నిలబడుతుందో అక్క కళ్లారా చూడనివ్వండి. గొంతు పెంచొద్దు.

ఒకేసారి ఇవ్వలేనని బావ అంటే, నెలకింత అని ఆ పేజీ కిందే రాయించి సంతకం పెట్టించుకోండి. ఇవ్వనన్నా సరే, ఆ రోజే లారీ తాళాలు ఆయన చేతిలో పెట్టి, మర్నాడు పొద్దున్నే ఎర్రగుంట్లలో ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోయి పని అడగండి.