నీ ఉప ముఖ్యమంత్రి కథ గురించి

తమ్ముడూ,

నీ కథ రాత్రి చదివాను. పొద్దున్న బీచ్ రోడ్డులో నడుస్తున్నా అదే బుర్రలో తిరుగుతోంది. ముఖ్యమంత్రి హఠాత్తుగా పోతాడు, అరగంటలో ఉప ముఖ్యమంత్రి ఆ కుర్చీలో కూర్చుని ఫైళ్ల మీద సంతకాలు పెట్టేస్తాడు. ఎక్కడ జరుగుతుంది నాయనా ఇలా? రాజ్యాంగంలో ఆ పదవే లేదు. 164వ అధికరణం చూడు, ముఖ్యమంత్రి, ఇతర మంత్రులు, అంతే. 1989లో దేవీలాల్ ప్రమాణం చేస్తూ, రాష్ట్రపతి 'మంత్రి' అని చదివిస్తున్నా 'ఉప ప్రధాని' అనే పలికితే గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రమాణం చెల్లుతుంది గానీ ఆయనా మిగతా వాళ్లలాగే ఒక మంత్రి అని అక్కడ తేలింది. నీ లెక్కన 2019లో మన ఆంధ్రప్రదేశ్‌లో ఒకేసారి ఐదుగురు ఉప ముఖ్యమంత్రులున్నారు కదా, ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలి?

అటెండరు కొత్త నేమ్‌ప్లేటుని చొక్కా అంచుతో తుడిచే చోటు మాత్రం బాగుంది.

ఏ పదవి గురించి రాసినా ఆ టేబుల్ మీదకి ఏ ఫైలు వస్తుందో, ఏది రాదో తెలుసుకున్నాకే పెన్ను పట్టాలి. ఇది నేను ఎవరి కోసమూ వదులుకోను. ఒకప్పుడు ఆఫీసు కథ రాసి, ఫైలు నడిచే దారంతా ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని సరిచూసుకుని పంపిస్తే, ఎడిటర్ ఆ పేరాలే కొట్టేసి 'పాఠకుడికి బోరు' అని కార్డు రాశాడు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. ఇప్పటివాళ్లు మరీ ఘోరం, మొదటి లైన్లోనే ట్విస్టు కావాలంటారు.

అసలు కథ శాఖలో ఉంటుంది. 1969 జులైలో ఇందిరా గాంధీ మొరార్జీ దేశాయ్ దగ్గర్నుంచి ఆర్థిక శాఖ తీసేసుకుంది, ఉప ప్రధానిగా మాత్రం ఉండమంది. ఆయన ఉండలేదు, రాజీనామా చేశాడు. హోదా చేతిలోనే ఉంది, ఫైళ్లు రావు, ఆ పూట ఆ మనిషికి ఎలా ఉండి ఉంటుందో ఆలోచించు. మన దగ్గరే చూడు, 1953లో ప్రకాశం గారి దగ్గర ఉప ముఖ్యమంత్రిగా చేసిన సంజీవరెడ్డి గారే, 1956లో తను ముఖ్యమంత్రి అయ్యాక, ఆంధ్ర, తెలంగాణ నాయకులు కుదుర్చుకున్న పెద్దమనుషుల ఒప్పందంలో ఉన్నా ఆ పదవి ఎవరికీ ఇవ్వలేదు. చేతికి ఆరో వేలు ఎందుకన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. దీన్ని మించిన నాటకం నీ అరగంట పట్టాభిషేకంలో ఎక్కడుంది?

ఏ పత్రికకి పంపాలని అడిగావు, అది తర్వాత చూద్దాం. ముందు నీ హీరోకి ఏ శాఖ ఇస్తావో తేల్చుకో. రెవెన్యూ అయితే ఒక కథ, పంచాయతీరాజ్ అయితే ఇంకో కథ. ఏ ఫైలు ఎవరి దగ్గరకి వెళ్లాలో చెప్పే ప్రభుత్వ బిజినెస్ రూల్స్ ఒకసారి తిరగేసి, ముఖ్యమంత్రి చావు తీసేసి, మళ్లీ రాసి పంపు.