ఓడిన రోజు బండి మీద ఏం మాట్లాడాలి?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర ఒక గ్రామం. మా అబ్బాయికి 12 ఏళ్లు. అండర్‌-13 బ్యాడ్మింటన్ పోటీలు ఆడుతున్నాడు. ఓడిన రోజున మావారు కాకినాడలో బండి ఎక్కింది మొదలు ఇల్లు చేరేదాకా ఒక్కొక్క పాయింటూ తవ్వి మందలిస్తారు. ఈమధ్య బాబు మోకాలి కింద నొప్పి అంటున్నాడు. పోటీకి భయపడి చెప్పే సాకని ఆయన కొట్టిపారేస్తున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, కోనసీమ

జవాబు: అమ్మా, ముందు మోకాలి సంగతి చూడండి. మోకాలి చిప్పకు కాస్త దిగువన, ముంగాలి ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టి, గెంతినప్పుడు, పరుగెత్తినప్పుడు ఎక్కువవుతుంటే, అది ఎదిగే పిల్లల్లో తరచుగా కనిపించే ఆస్‌గుడ్ ష్లాటర్ అనే సమస్య కావచ్చు. ఎముకలు వేగంగా పెరిగే వయసులో తొడ కండరం ఆ చోటును పదేపదే లాగడం వల్ల అది వస్తుంది. ఎముకల వైద్యునికి చూపించండి. కుంటుతున్నా, రాత్రివేళ నొప్పితో మేలుకుంటున్నా ఆలస్యం చేయవద్దు. నొప్పి మాత్ర మింగించి కోర్టులోకి పంపడం మాత్రం ఎంతమాత్రమూ తగదు. వారానికి శిక్షణ గంటలు పిల్లల వయసు అంకెను మించకూడదని, వారంలో ఒకటి రెండు రోజులు ఆటకు సెలవుండాలని క్రీడావైద్యులు సూచిస్తారు. రోజుకు మూడు గంటలు ఆడిస్తే మీవాడి 12 గంటలూ నాలుగు రోజుల్లోనే నిండిపోతాయి.

ఇక మీవారి సంగతి. అమలాపురం కుర్రవాడు సాత్విక్ సాయిరాజ్ 2023 ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్ స్వర్ణం గెలిచాక, మీ వైపు తండ్రులకు ఆశ కలగడం సహజమే. అయితే ఆనాటికి సాత్విక్ వయసు 23 ఏళ్లు. అండర్‌-13లో చాలాసార్లు ముందుగా ఎత్తు పెరిగిన పిల్లవాడే గెలుస్తాడు కనుక, ఆ ఫలితాన్ని బట్టి భవిష్యత్తును లెక్కగట్టడం తొందరపాటే అవుతుంది. ఆటలో 11 పాయింట్ల దగ్గర వచ్చే నిమిషం విరామంలోనూ, మర్నాటి ప్రాక్టీసులోనూ తప్పులు దిద్దడానికి కోచ్ ఉన్నాడు. 19-19 దగ్గర సర్వీసు నెట్‌కు కొట్టిన సంగతి పిల్లవాడికి ఎవరూ గుర్తుచేయనక్కరలేదు. పైగా బండి వెనక కూర్చున్నవాడు ఆ మాటలు వినలేక లేచి వెళ్లిపోవడానికైనా వీలుండదు. యానాం వంతెన దాటాక "ఆకలేస్తోందా, ముమ్మిడివరంలో ఆగి టిఫిన్ తిందామా?" అంటే ఆ పూటకు చాలు. ఆట గురించి వాడే ఎత్తితే వినాలి. అడిగితేనే అభిప్రాయం చెప్పాలి.

ఇదంతా బాబు ఎదుట మీవారితో అనకండి. వైద్యుని దగ్గరకు బాబును ఆయన్నే తీసుకువెళ్లమనండి. మీరు చెబితే కొడుకును వెనకేసుకొస్తున్నట్టు తోచే మాటే, వైద్యుడు చెబితే ఆయన చెవికెక్కుతుంది. గెంతులు, పరుగులు ఎన్నాళ్లు తగ్గించాలో అక్కడే చీటీ మీద రాయించుకుని, కోచ్‌కు కూడా చూపించమనండి.