ముందు ఎవరు, తర్వాత ఎవరు: ఉప్పునీటి తొట్టి ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా పెద్ద రీఫ్ ట్యాంకుల (కోరల్స్, అంటే పగడాలు, పెంచే ఉప్పునీటి తొట్టెల) గురించే, అందులోనూ "ఏ చేప పక్కన ఏ చేప వేయొచ్చు" అనేదే ఎక్కువ. అందుకే మొక్కల ట్యాంకుల వాళ్లని వచ్చే నెల దాకా ఆగమని చెప్పి, ఈసారి పేజీ మొత్తం ఉప్పునీళ్లకే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న (కూకట్‌పల్లి, హైదరాబాద్): అన్నా, ఐదేళ్ల నుంచి గోల్డ్‌ఫిష్, తర్వాత సిక్లిడ్స్ పెంచాను. ఇప్పుడు హాల్లో 6 బై 2 బై 2 రీఫ్ ట్యాంక్ పెట్టాను, సంప్ (కింద పెట్టే ఫిల్టర్ తొట్టి), స్కిమ్మర్ (మురికిని నురగగా తీసేది), చిల్లర్ (నీళ్లు చల్లబరిచేది) అన్నీ ఉన్నాయి. సైక్లింగ్ (చేపల వ్యర్థాల్ని అరిగించే బాక్టీరియాని పెంచడం) అయిపోయింది, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తున్నాయి. నా లిస్ట్ ఇది: క్లౌన్‌లు రెండు, బ్లూ ట్యాంగ్, ఎల్లో ట్యాంగ్, పౌడర్ బ్లూ ట్యాంగ్, ఎంపరర్ ఏంజెల్ పిల్ల, లయన్‌ఫిష్, మాండరిన్, గ్రీన్ క్రోమిస్ పది. షాపాయన అన్నీ ఒకేసారి తీసుకుంటే రేటు బాగా తగ్గిస్తా అంటున్నాడు. వేసేయొచ్చా?

జవాబు: వద్దు తమ్ముడూ, ఆ డిస్కౌంట్ నీకు చాలా ఖరీదు పడుద్ది. నీ తొట్టి లెక్కకి 24 ఘనపు అడుగులు, అంటే 680 లీటర్లు, రాళ్లు ఇసుక పోను నికరంగా 600 కూడా ఉండవు. సైక్లింగ్ అయిందంటే బాక్టీరియా తయారైందనే కానీ పద్దెనిమిది చేపల మలాన్ని రేపటి నుంచే అరిగించుకునేంత తయారైందని కాదు, అది చేపల సంఖ్యని బట్టి మెల్లగా పెరుగుద్ది, అన్నీ ఒక్కసారి దించావంటే ఆ సున్నా నాలుగు రోజుల్లో సున్నాగా ఉండదు. ఇది మంచినీటి తొట్టిలోనూ ఉన్న సంగతే, నీకు తెలిసే ఉంటది.

ఉప్పునీళ్లలో కొత్తగా తెలుసుకోవాల్సింది వేరే ఉంది. సిక్లిడ్ గొడవ చేస్తే వల పెట్టి తీసేస్తావు. రీఫ్‌లో అలా కుదరదు, కోరల్స్ అతికించిన రాళ్ల గుట్టలోకి ఒకసారి దూరిందంటే దాన్ని పట్టడానికి గుట్ట మొత్తం ఊడదీయాలి. చేపని దించడానికి నిమిషం చాలు, బయటకి తీయడానికి నెల పడుద్ది. కాబట్టి ప్రతి చేపకీ కొనకముందే మూడు సంగతులు చూసుకోవాలి: అది పెద్దయ్యాక ఎంత అవుద్ది, నోరు ఎంత, ఇప్పటికే లోపల ఉన్నవాళ్లలో దాని ఆకారమో రంగో ఉన్నవాళ్లు ఎవరన్నా ఉన్నారా. షాపులో అన్నీ రెండు మూడంగుళాలే ఉంటాయి కాబట్టి అందరూ అన్నదమ్ముల్లా కనపడతారు, అక్కడే మోసపోతాం.

నీ లిస్ట్‌లో ముందు కొట్టేయాల్సింది లయన్‌ఫిష్. అది కోరల్స్‌ని ముట్టుకోదని షాపుల్లో చెప్తారు, ఆ మాట అబద్ధం కాదు, కానీ నోట్లో పట్టే చేప ప్రతిదీ దానికి భోజనమే, క్లీనర్ రొయ్యలతో సహా. అడుగు పైగా పెరిగే లయన్‌ఫిష్ నోట్లో క్రోమిస్ చక్కగా పడుద్ది. "పది క్రోమిస్ వేస్తే వారానికి ఒకటి తగ్గుతోంది, జబ్బేంటి" అని నాకు రాసిన వాళ్లు ఉన్నారు, లోపల లయన్‌ఫిష్ కూడా ఉందని చివరి లైన్లో చెప్తారు. పైగా ముళ్లలో విషం ఉంటది, తొట్టి కడిగేటప్పుడు చెయ్యి తగిలితే ప్రాణం విలవిలలాడుద్ది, తట్టుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి ముంచి వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంక ఆలోచించకు.

రెండోది ఎంపరర్ ఏంజెల్. పిల్లప్పుడు ముదురు నీలం మీద తెల్ల చుట్టలతో ఎవరైనా పడిపోవాల్సిందే, నేనూ పడ్డాను. పెద్దయ్యాక ఆ చుట్టలు పోయి పసుపు చారలొస్తాయి, 15 అంగుళాల దాకా పెరుగుద్ది, కోరల్స్‌ని కొరుకుద్ది. కోరల్ లేకుండా చేపలు మాత్రమే పెంచే పెద్ద తొట్టికి అది రాజు, నీ దగ్గర కాదు. ఏంజెల్ కావాల్సిందే అంటే కోరల్ బ్యూటీ లాంటి చిన్న రకం చూడు, అదీ అప్పుడప్పుడు రుచి చూడొచ్చు, గ్యారంటీ నేనివ్వను.

మాండరిన్ మంచిదే, ఎవరి జోలికీ పోదు, గొడవ దాని తిండితో. రాళ్ల మీద తిరిగే కోపెపాడ్స్ అనే నలుసుల్లాంటి జీవుల్ని రోజంతా ఏరుకుని తింటది, మనం వేసే గుళికల వైపు చాలావరకు చూడదు. నిన్నగాక మొన్న సైక్లింగ్ అయిన తొట్టిలో అవి ఎక్కడుంటాయి? కళ్ల ముందే ఎండిపోయి చచ్చిపోద్ది. ఏడాది ఆగు. అప్పుడు కూడా షాపులో గడ్డకట్టిన మేత తింటున్న మాండరిన్ దొరికితేనే కొను, తినడం నీ కళ్లతో చూశాకే డబ్బులివ్వు.

పౌడర్ బ్లూ మన హిందూ మహాసముద్రం చేపే, లక్షద్వీప్, అండమాన్, మాల్దీవుల్లో ఉంటది. అందానికి తగ్గ కోపం. ఇంకో ట్యాంగ్‌ని చూస్తే ఆగదు, తోక మొదట్లో రెండు పక్కలా కత్తుంటది, దాంతో గీరేస్తది. దానికి తోడు చిన్న ఒత్తిడి తగిలినా ఒంటి మీద తెల్ల చుక్కలొచ్చేస్తాయి, ఇచ్ అంటారే అది. తొట్టిలోకి ఇచ్ వచ్చిందంటే రాగి మందు కోరల్స్ ఉన్న నీళ్లలో పోయలేం, రొయ్యలు, నత్తలు, కోరల్స్ అన్నీ పోతాయి, చేపలన్నిటినీ పట్టి వేరే తొట్టిలో పెట్టి వైద్యం చేస్తూ ఇక్కడ 76 రోజులు ఒక్క చేపా లేకుండా ఖాళీగా ఉంచాలి. పట్టడం సంగతి పైన చెప్పాను కదా. అందుకే మొదటి తొట్టికి పౌడర్ బ్లూ వద్దంటాను. ఏ చేప తెచ్చినా పక్కన చిన్న తొట్టిలో నెల రోజులు ఉంచి గమనించాకే లోపలికి. ఇది బోరే, కానీ నేను దాటేసిన ప్రతిసారీ దెబ్బ తిన్నాను.

ఇక వేసేవి ఏంటంటే, మొదట బంగాయ్ కార్డినల్ జంట, రాయల్ గ్రామా ఒకటి, వాచ్‌మన్ గోబీ, దానికి జోడీగా పిస్టల్ రొయ్య. రొయ్యకి చూపు ఆనదు, గొయ్యి తవ్వుతుంటే గోబీ గుమ్మంలో కాపలా కూర్చుంటది, ఆ రెండిటినీ చూస్తూ గంటలు గడిపేయొచ్చు. నెల ఆగి క్లౌన్‌లు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది తీసుకో. క్లౌన్‌లన్నీ మగగానే పుడతాయి, పెత్తనం చేసేది ఆడగా మారుద్ది, సైజు తేడా ఉంటే ఆ పంచాయితీ తొందరగా తేలిపోద్ది. సాదా ఓసెల్లారిస్ చాలు, మెరూన్ క్లౌన్ వద్దు, అది పెద్దయితే ఇల్లంతా దానిదే. క్రోమిస్ బదులు లైర్‌టెయిల్ ఆంథియస్, ఒక మగ నాలుగు ఆడ, చూడు. క్రోమిస్ గుంపు ఒకదాన్నొకటి తరుముకుంటూ పది ఆరయ్యి, ఆరు రెండయ్యి చివరికి ఒక్కటి మిగలడం మామూలే. ఆంథియస్‌కి రోజుకి రెండు మూడు సార్లు మేత వేయాలి, నువ్వు ఉదయం వెళ్లి రాత్రి వచ్చే ఉద్యోగమైతే ఆటో ఫీడర్ పెట్టుకో లేదా అసలు వదిలేయ్.

ట్యాంగ్‌లు ఆఖరున. నీ ఆరడుగులకి కోలే ట్యాంగ్, ఎల్లో ట్యాంగ్, బ్లూ ట్యాంగ్ మూడూ పట్టొచ్చు, మూడూ వేరే వేరే ప్రజాతులు, ఆకారాలు కూడా కలవవు. బ్లూ ట్యాంగ్ అడుగు దాకా పెరుగుద్ది, దానికి ఆరడుగుల తొట్టి అనేది కనీసం, ఎక్కువేం కాదు. మూడిటినీ క్వారంటైన్ అయ్యాక ఒకే రోజు దించు. రోజూ నోరి ఆకు (ఎండబెట్టిన సముద్రపు నాచు) క్లిప్పుకి పెట్టి వేలాడదీయి, సూపర్‌మార్కెట్లో సుషీకి అమ్మేదే, నూనె ఉప్పు మసాలా లేనిది. కడుపు నిండిన ట్యాంగ్ సగం గొడవలు మానేస్తది.

ఇంకోటి, అపార్ట్‌మెంట్ అన్నావో లేదో గుర్తులేదు, ఆ తొట్టి నీళ్లు, గాజు, రాళ్లు, సంప్ అన్నీ కలిపి టన్ను దాకా తూగుద్ది, బీమ్ పక్కన గోడకి ఆనించి ఉందో లేదో ఇంజినీర్‌కి ఒకసారి చూపించు.

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం): నమస్తే సార్. మాకు బీచ్ దగ్గరే కాబట్టి సముద్రం నీళ్లే తెచ్చి వాడుతున్నాం. ఐదడుగుల తొట్టి. సైక్లింగ్ కోసమని షాపువాళ్లు చవగ్గా నాలుగు డామ్సెల్స్ ఇచ్చారు, నల్లటి వాటి మీద తెల్ల చుక్కలు. ఇప్పుడు ఒకటే మిగిలింది. క్లౌన్ జంట వేస్తే రెండూ పైన మూల్లోనే ఉంటున్నాయి, రెక్కలు చిరిగిపోయాయి. రాళ్లు కదపాలంటే మా ఆవిడ ఒప్పుకోవట్లేదు. ఏం చేయాలి?

జవాబు: అది డామినో డామ్సెల్ అండి, మిగతా ముగ్గురినీ సాగనంపిన ఘనుడు. మన ఆర్టీసీ బస్సులో సీటు మీద కర్చీఫ్ వేస్తారే, అలా తొట్టి మొత్తం మీద కర్చీఫ్ వేసేసింది. చవకగా దొరుకుతాయి, మొండి ప్రాణం కాబట్టి చావవు, అందుకే కొత్తవాళ్లకి ముందు అంటగడతారు. ఇప్పుడు సైక్లింగ్‌కి చేప అక్కర్లేదు, సీసాలో బాక్టీరియా, చిటికెడు అమ్మోనియా చాలు.

మీ బాధ నాకు తెలుసు. నా మొదటి తొట్టిలో ఇలాగే సిక్స్‌లైన్ రాస్ అనే చేప ఒకటి, మూడంగుళాలు కూడా లేదు, ఏడాదిపాటు కొత్తగా వేసిన ప్రతిదాన్నీ తరిమింది. వల పెడితే రాళ్లలోకి, వల తీస్తే బయటికి. చివరికి ఒక ఆదివారం రాళ్లన్నీ బకెట్లలోకి తీసి పట్టాను, రెండు కోరల్స్ విరిగాయి, సాయంత్రానికి నడుం పట్టేసింది, చేప మాత్రం బకెట్లో హాయిగా తిరుగుతోంది.

రాళ్లు కదపకుండా ఇలా చేసి చూడండి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా మెడ భాగం కోసి తిరగేసి లోపలికి దూర్చండి, లోపల ఘాటు వాసనొచ్చే మేత వేసి తొట్టి అడుగున పెట్టండి, రెండు రోజులు బయట మేత ఆపేయండి. డామినో ఆశపోతు, సాధారణంగా అదే ముందు దూరుద్ది. క్లౌన్‌లని ఈలోపు చిల్లులున్న అక్రిలిక్ డబ్బాలో అదే తొట్టిలో వేలాడదీయండి, దెబ్బలు మానతాయి. దొరికిన డామినోని షాపుకి ఇచ్చేయండి, దయచేసి బీచ్‌లో వదలొద్దు, తొట్టి జబ్బులు సముద్రానికి అంటించినట్టవుద్ది.

నీళ్ల విషయం కూడా చెప్తాను, అడక్కపోయినా. వానాకాలం తర్వాత అక్టోబర్, నవంబర్‌లో మన తీరం నీళ్లలో ఉప్పు పడిపోద్ది, పైన నదులన్నీ బంగాళాఖాతంలో కలిపిన నీళ్లు ఒడ్డు వెంట దక్షిణానికి దిగొస్తాయి. మామూలుగా సాంద్రత 1.025 ఉండాల్సింది బాగా తగ్గి కనపడొచ్చు. ప్రతి బిందె రిఫ్రాక్టోమీటర్‌తో (ఉప్పు కొలిచే పరికరం) చూసి, తక్కువుంటే మెరైన్ సాల్ట్ కలిపి సరిచేయండి. బీచ్ రోడ్డు కాలవలు కలిసే చోట అసలు పట్టకండి.

ప్రశ్న (డల్లాస్, అమెరికా): అన్నగారూ, నా 180 గ్యాలన్ల తొట్టిలో రెండేళ్లుగా పర్పుల్ ట్యాంగ్ ఉంది. ఎల్లో ట్యాంగ్ వేద్దామనుకుంటున్నాను. రంగు వేరు కదా, గొడవ పడవు కదా?

జవాబు: రంగు వేరే, మనిషి ఒకటే అండి. రెండూ ఒకే ప్రజాతి, ఆకారం అచ్చు గుద్దినట్టుంటది, మీ పర్పుల్‌కి అది పసుపు చొక్కా వేసుకొచ్చిన దాయాది. పైగా రెండేళ్ల సీనియర్. ఎల్లోనే ముందుండి పర్పుల్ తర్వాత వస్తే కొంచెం ఆశ ఉండేది. మొండిగా వేస్తానంటే ఎల్లోని వారం పైన డబ్బాలో ఉంచి, వదిలేరోజు తొట్టి బయట ఒక పక్క గాజుకి అద్దం ఆనించండి, పర్పుల్ తన బొమ్మతోనే పోట్లాడుకుంటూ ఉంటది, ఈలోపు కొత్తది దాక్కునే చోటు చూసుకుంటది. నాకైతే దాని బదులు ఫాక్స్‌ఫేస్ వేసుకోమనిపిస్తోంది, అదీ పసుపే, నాచు తింటది, పర్పుల్ దాన్ని పెద్దగా పట్టించుకోకపోవచ్చు, ముళ్లతో మాత్రం జాగ్రత్త. హవాయిలో 2021లో అక్వేరియం కోసం పట్టడం ఆగాక ఎల్లో రేటు ఎలా పెరిగిందో మీకే బాగా తెలుసు, కొంటే మాత్రం హేచరీలో పుట్టింది కొనండి. 2015లో హవాయిలోనే మొదటిసారి దాన్ని తొట్టిలో పుట్టించి పెంచగలిగారు, ఇప్పుడు మీ దగ్గర దొరుకుతున్నాయి.

ప్రశ్న (నెల్లూరు): రామేశ్వరం వెళ్తున్నాం. అక్కడి పగడపు రాళ్లు తెచ్చి తొట్టిలో పెట్టొచ్చా? సముద్ర గుర్రాలు కూడా దొరుకుతాయంటున్నారు.

జవాబు: రెండూ వద్దు. పగడాలు, సముద్ర గుర్రాలు వన్యప్రాణి రక్షణ చట్టం 1972 కింద షెడ్యూల్‌లో ఉన్నాయి, ఒడ్డున చచ్చి పడున్న పగడపు ముక్క బ్యాగులో దొరికినా కేసే. సిమెంటుతో చేసిన రాళ్లు, పొడి సిరామిక్ రాళ్లు అమ్ముతున్నారు, ఆర్నెల్లలో వాటి మీద కూడా రంగు పడుద్ది. ఆ దారిలో మీకు పనికొచ్చేది ఏమన్నా ఉందంటే మండపంలో సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ) కేంద్రం, క్లౌన్‌లని హేచరీలో పుట్టించే పద్ధతి మీద పనిచేసిన చోటు. తొట్టిలో పుట్టిన క్లౌన్ ఎక్కడ దొరుకుతుందో అక్కడ అడిగి చూడండి, అది గుళికలు తింటూ పెరిగి ఉంటది, మీ ఇంటికొచ్చిన రోజు సాయంత్రమే మేతకి పైకొస్తది.

ప్రశ్న (విజయవాడ): క్లీనర్ రాస్ (వేరే చేపల ఒంటి మీద పురుగుల్ని ఏరుకు తినే చేప) వేస్తే చేపల ఒంటి మీద ఇచ్ తినేస్తదంటున్నారు, నిజమా?

జవాబు: ఇచ్ పురుగు చర్మం లోపల ఉంటది, ఆ రాస్ దాన్ని పీకలేదు. మన తొట్టెల్లో దానికి సరిపడా తిండి లేక చాలావరకు మాడి చచ్చిపోతాయి. దాని బదులు క్లీనర్ రొయ్య రెండు వేయండి, ఇచ్ తగ్గించవు కానీ మీరు వేసిన మేత తిని బతుకుతాయి. ఇంక మే నెల వస్తోంది, మీ ఊరి ఎండకి చిల్లర్ ఆగిందంటే చేపలు గొడవపడే ఓపిక కూడా లేకుండా పైకి తేలి రొప్పుతాయి, ఇన్వర్టర్ లైన్ ముందు పంపుకి, తర్వాత చిల్లర్‌కి కలిపారో లేదో ఈ వారమే చూసుకోండి.