పెరటి సీసాలు: పాఠకుల ప్రశ్నలు, పిన్ని జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో చాలావాటిలో ఒకే మాట కనిపించింది: "ఇంట్లో చేసిందే కదా పిన్నిగారూ, ఏమవుతుంది?" అలా రాసినవాళ్లందరినీ నేను తిరిగి అడిగేది ఒక్కటే. మీ సీసాలో అసలు పని చేస్తున్నది ఏది? ఉప్పా, పులుపా, వేడా, చల్లదనమా? అది తేల్చుకోకుండా మూత బిగించొద్దు.

ప్రశ్న: పెరట్లో ఈసారి వెల్లుల్లి బాగా దిగింది. రెబ్బలు ఒలిచి పెద్ద సీసాలో వేసి, మునిగేదాకా ఆలివ్ నూనె పోసి అల్మరాలో పెట్టాను. నెల దాటింది. వాసన, రంగు బాగానే ఉన్నాయి. మా చెల్లెలికీ ఒక సీసా ఇద్దామనుకుంటున్నాను. ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది?

ఇవ్వకమ్మా. నువ్వూ తినకు. బాగుందో లేదో చూద్దామని చెంచాడు నాలుక మీద వేసుకోవడం కూడా వద్దు.

వెల్లుల్లి మట్టిలో పెరుగుతుంది. మట్టిలో క్లోస్ట్రిడియం బోట్యులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు సహజంగానే ఉంటాయి. గాలి తగిలే చోట అవి మొలకెత్తవు కాబట్టి బుట్టలో ఉన్న వెల్లుల్లితో భయం లేదు. నువ్వు దానికి గాలి అందకుండా నూనెలో ముంచేశావు. వెల్లుల్లిలో పులుపు లేదు, అల్మరాలో చల్లదనం లేదు. ఆ బీజాలకు కావలసినవన్నీ నువ్వే అమర్చి పెట్టినట్టయింది. అవి తయారుచేసే విషానికి వాసన ఉండదు, రుచి ఉండదు. "వాసన బాగానే ఉంది" అన్న నీ పరీక్ష ఇక్కడ పనికిరాదు. మరుగుతున్న నీటి వేడికి కూడా ఆ బీజాలు చావవు, 121 డిగ్రీల వేడి కావాలి.

చాలామంది నూనెను నిల్వ ఉంచే పదార్థం అనుకుంటారు. అది గాలిని ఆపుతుంది, అంతే. షాపుల్లో దొరికే వెల్లుల్లి నూనె సీసాలు నిలవడానికి కారణం వాళ్లు వెల్లుల్లికి ముందే ఆమ్లం పట్టించడం. లేబుల్ మీద సిట్రిక్ ఆసిడ్ లాంటివి ఉంటాయి, చూడు.

ఆ సీసాను మూతతో సహా కవర్లో కట్టి పారేయి. ఇప్పటికే ఎవరైనా తిని ఉంటే, చూపు రెండుగా కనపడటం, కనురెప్పలు వాలిపోవడం, మింగడం కష్టం కావడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఏం తిన్నారో అక్కడ చెప్పాలి.

వెల్లుల్లి నూనె లేకపోతే వంట సాగదు అనుకుంటే కొద్దిగా చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయి. మిగిలితే డీప్ ఫ్రీజర్‌లో పెట్టు. నన్నడిగితే గడ్డలను అలాగే గాలి ఆడే చోట వేలాడదీయడమే సుఖం.

ప్రశ్న: మా మనవడికి ఎనిమిది నెలలు. దగ్గు వస్తోంది. మా తేనెటీగల పెట్టెలోంచి తీసిన స్వచ్ఛమైన తేనె ఉంది. వేలితో కాస్త నాకిస్తానంటే కోడలు ఒప్పుకోవడం లేదు. కల్తీ తేనె అయితే భయపడాలి గానీ...

బామ్మగారూ, ఈ ఒక్కసారికి మీ కోడలి పక్షమే నేను. పైన చెప్పిన బీజాలే తేనెలోనూ ఉండొచ్చు. కల్తీతో దానికి సంబంధం లేదు. పెద్దవాళ్ల పేగుల్లో అవి నిలదొక్కుకోలేవు. ఏడాది నిండని పసివాళ్ల పేగుల్లో మొలకెత్తి అక్కడే విషం తయారుచేయగలవు. అందుకని మొదటి పుట్టినరోజు దాకా తేనె చుక్క కూడా వద్దు, వేడి చేసి అయినా సరే.

ఏడాది దాటాక మీ తేనెకు మంచి రోజులొస్తాయి. పడుకునే ముందు అర టీస్పూను నుంచి ఒక టీస్పూను ఇస్తే రాత్రి దగ్గు తగ్గి పిల్లలు నిద్రపోతారు. ఇది వట్టి అమ్మమ్మల నమ్మకం కాదు. 2018లో బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాల సంస్థ నైస్ కూడా మామూలు దగ్గుకు ముందు తేనె ప్రయత్నించమనే చెప్పింది. అయితే ఎనిమిది నెలల బిడ్డ దగ్గుతూ ఎగశ్వాస పడుతున్నా, పాలు తాగకపోయినా ఇంటి చిట్కాలతో కూర్చోకూడదు. వెంటనే డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: క్యాబేజీ, క్యారెట్ తరిగి ఉప్పు కలిపి పులియబెడుతున్నాను. మా ఆయనకు బీపీ అని రెసిపీలో చెప్పిన ఉప్పు సగానికి తగ్గించాను. పైన తెల్లటి పొర కట్టింది, ముక్కలు జిగురుగా ఉన్నాయి. పైపొర తీసేసి తినొచ్చా?

తెల్లటి పొర ఒక్కటే అయితే తీసేసి తినమనేదాన్ని. పలచగా, నున్నగా పరుచుకునే పొర ఒక రకం ఈస్ట్. రుచి చెడగొడుతుంది గానీ హాని చేయదు. నూగులా లేచి ఆకుపచ్చగానో నల్లగానో కనిపిస్తే బూజు, సీసా మొత్తం పారేయాలి. నీ ముక్కలకు జిగురు వచ్చిందన్నావు కాబట్టి అదీ పారేయాల్సిందే.

ఈ సీసాలో పని చేసేది ఉప్పు. పాడుచేసే బ్యాక్టీరియాను మొదటి రోజుల్లో అదే అణిచి ఉంచుతుంది. ఆ వ్యవధిలో లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా పెరిగి పులుపు తెస్తుంది. తర్వాత కాపలా అంతా ఆ పులుపుదే. మొదట్లోనే ఉప్పు తగ్గితే ఈ వరుస తప్పుతుంది. తరిగిన కూరగాయల బరువులో రెండు నుంచి రెండున్నర శాతం, అంటే కిలోకు 20 నుంచి 25 గ్రాముల ఉప్పు వేయాలి. చెంచాతో కొలవకు. మెత్తటి ఉప్పు చెంచాడు, కళ్లుప్పు చెంచాడు ఒకే బరువు తూగవు. వంటింట్లోకి గ్రాములు చూపించే చిన్న కాటా కొనుక్కో. ముక్కలు ఎప్పుడూ ఉప్పునీటి కింద మునిగే ఉండాలి. పైన శుభ్రమైన గాజు మూత లాంటిదేదైనా బరువు పెట్టు.

బీపీ సంగతికి వస్తే, పులియబెట్టినవి ఆయనకు తక్కువ పెట్టు, ఉప్పు మాత్రం తగ్గించకు. తక్కువ ఉప్పుతోనే కావాలంటే పద్ధతి మార్చు. ఐదు శాతం ఆమ్లం ఉన్న వెనిగర్, నీళ్లు సమానంగా మరిగించి ముక్కల మీద పోసి ఫ్రిజ్‌లో పెట్టు. అక్కడ కాపలా కాసేది వెనిగర్, చల్లదనం. ఉప్పు రుచికోసమే కాబట్టి ఎంత తగ్గించినా పర్లేదు.

ప్రశ్న: పిన్నీ, సోపు చేశాను. రెసిపీలో కిలో కొబ్బరి నూనెకు 174 గ్రాముల కాస్టిక్ సోడా అని ఉంది. నా దగ్గర ఆలివ్ నూనె ఉందని అదే కిలో వేశాను. సోపు గట్టిపడింది గానీ చేతులు మండుతున్నాయి. రెసిపీ తప్పా?

రెసిపీ సరిగ్గానే ఉంది బాబూ. నూనె మారిస్తే సోడా లెక్క కూడా మార్చాలి. కిలో కొబ్బరి నూనె మొత్తం సోపుగా మారడానికి సుమారు 183 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. చర్మానికి మెత్తగా ఉండాలని ఐదు శాతం నూనెను మిగల్చడం అలవాటు, అందుకే మీ రెసిపీలో 174. ఆలివ్ నూనెకు కిలోకు సుమారు 134 గ్రాములే చాలు. అంటే నీ సోపులో దాదాపు 40 గ్రాముల సోడా నూనె దొరక్క అలాగే మిగిలిపోయింది. మండేది అదే.

ఆరబెడితే పోతుందని ఎవరో ఒకరు చెబుతారు, నమ్మకు. నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టేది సోపులో తడి పోయి గట్టిపడటానికి. ఇంత సోడా ఆరితే పోదు. గ్లౌజులు వేసుకుని సోపును తురిమి, కాసిని నీళ్లు, ఇంకో 370 గ్రాముల ఆలివ్ నూనె చేర్చి సన్న సెగ మీద కరిగించి మళ్లీ అచ్చు పోయొచ్చు. అలా చేసి, ఆరిన తర్వాత కూడా మంటగా ఉంటే ఒంటికి వాడకు. నేనైతే ఆ తంటా పడను. పారేసి కొత్తగా మొదలుపెడతాను.

మళ్లీ చేసేటప్పుడు సోడాను నీళ్లలో వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. పోస్తే ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె అసలు తీయకు. సోడా దాన్ని తినేస్తుంది, పైగా మండే హైడ్రోజన్ వాయువు వస్తుంది. స్టీలు గిన్నె వాడు. కళ్లను పూర్తిగా మూసే అద్దాలు పెట్టుకో, మామూలు కళ్లజోడు చాలదు. చర్మం మీద పడితే ధారగా నీళ్లతో కడుగుతూనే ఉండు. "వెనిగర్ రాస్తే విరుగుతుంది" అనే సలహా వినకు. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి బయల్దేరాలి.

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. విరేచనాలైతే ఉప్పు, పంచదార నీళ్లు కలిపి ఇచ్చాను. తాగడం లేదని పంచదార ఎక్కువ వేశాను. విరేచనాలు ఇంకా పెరిగాయి. ఈ చిట్కా అందరికీ పడదా?

అమ్మా, ఇంటి వైద్యాల్లో నేను తలవంచి నమస్కరించేది దీనికే. కానీ దీని బలమంతా కొలతలోనే ఉంది.

మన పేగు గోడలో సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి వెళ్లే దారి ఒకటి ఉంది. అవి వెళ్తూ నీళ్లను వెంట తీసుకెళ్తాయి. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఆ దారి చాలావరకు పని చేస్తూనే ఉంటుంది. అందుకే ఒట్టి నీళ్లు చేయలేని పని ఈ నీళ్లు చేస్తాయి. పంచదార మితిమీరితే కథ తిరగబడుతుంది. చిక్కటి నీళ్లు పేగులోకి వెళ్లి శరీరంలోని నీటినే పేగులోకి లాగుతాయి. మీ బాబుకు జరిగింది అదే అయ్యుంటుంది. ఇక ఉప్పు ఎక్కువైతే ఇంకా ప్రమాదం.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి, నరానికి ఎక్కించే సెలైన్ నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే డ్రమ్ముల్లో కలిపించారు. లీటరుకు 22 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంట సోడా. తాగించింది చాలావరకు రోగుల ఇంటివాళ్లే. 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన చూసిన రోగుల్లో నాలుగు శాతం లోపుకు తగ్గాయి. 1978లో లాన్సెట్ వైద్య పత్రిక, ఇరవయ్యో శతాబ్దపు వైద్యంలో ఇంతకన్నా ముఖ్యమైన ముందడుగు ఉండకపోవచ్చని రాసింది. గ్రాము లెక్క తప్పకుండా కలిపారు కాబట్టే చదువు లేనివాళ్ల చేతుల్లో కూడా అది పని చేసింది.

మొదటి ఎంపిక ఓఆర్ఎస్ ప్యాకెట్టే. అందులో పొటాషియం కూడా ఉంటుంది. అది దొరికేలోపు ఇంట్లో కలపాలంటే లీటరు శుభ్రమైన నీళ్లకు ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. చెంచా మీద గోపురంలా పోయకుండా అంచుకు సమంగా గీసి కొలవాలి. ఒక రోజు దాటితే పారబోసి కొత్తగా కలపాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా మళ్లీ పట్టించండి. తాగట్లేదని రుచి పెంచొద్దు, గుక్క తగ్గించి ఎక్కువసార్లు ఇవ్వండి. అన్నపానాలు ఆపొద్దు. కళ్లు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా, బిడ్డ మగతగా ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆరు నెలల లోపు పిల్లలైతే అంతవరకు కూడా ఆగకూడదు. జింక్ మందు ఇవ్వాలా అని డాక్టరును అడగండి, చాలామంది తల్లులకు దాని సంగతే తెలియదు.

ప్రశ్న: నూనె చిమ్మి చెయ్యి కాలితే టూత్‌పేస్టు మంచిదా, కలబంద గుజ్జు మంచిదా?

ముందు కుళాయి. 20 నిమిషాలు పారే చల్లటి నీటి కింద చెయ్యి పెట్టాలి, గడియారం చూసుకుని మరీ. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసేయాలి. ఐస్ వద్దు, పేస్టు వద్దు, వెన్న వద్దు. బొబ్బ చిదమొద్దు. కాలింది మీ అరచేతికన్నా పెద్దదైనా, ముఖం మీదైనా, చర్మం తెల్లగా మారి నొప్పి తెలియకపోయినా డాక్టరు చూడాలి. ఎర్రబడిందే తప్ప చర్మం చిట్లని చిన్న మంటకు, అదీ చల్లారాక, కలబంద రాసుకుంటే హాయిగా ఉంటుంది.

ప్రశ్న: వంట సోడా, వెనిగర్ కలిపి సీసాలో నిల్వ చేసుకుని ఇల్లంతా శుభ్రం చేస్తున్నాను. కలిపినప్పుడు బ్రహ్మాండంగా నురగ వస్తుంది గానీ తర్వాత పెద్దగా పని చేయడం లేదు. బ్లీచ్ కూడా కాస్త చేర్చమంటారా?

వద్దు! వెనిగర్‌లో బ్లీచ్ పోస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. తలుపులు మూసిన బాత్‌రూమ్‌లో అయితే మరీ ప్రమాదం. ఆ రెండు సీసాలు ఒకే అరలో కూడా పెట్టకండి.

నురగ సంగతి ఇదీ. వెనిగర్ ఆమ్లం, సోడా క్షారం. రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుని బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోతే, సీసాలో మిగిలేది కాస్త సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు. మీరు ఇల్లంతా చల్లుతున్నది ఆ నీళ్లే. విడివిడిగా వాడితే రెండూ మంచి పనివాళ్లు. కెటిల్‌లో, కుళాయి మూతి దగ్గర పేరుకున్న తెల్లటి గారకు వెనిగర్ పోసి ఒక గంట ఉంచండి. జిడ్డు గిన్నెలకు, ఫ్రిజ్ వాసనకు సోడా. పాలరాయి మీద వెనిగర్ చుక్క పడినా మెరుపు పోతుంది, అక్కడ మామూలు సబ్బునీళ్లే వాడండి. బ్లీచ్ వాడాల్సిన చోట కిటికీలు తెరిచి ఒట్టి నీళ్లతో మాత్రమే కలపండి.